బీబీఏనా, బీసీఏనా: మన ఇండ్లల్ల జరగని మష్వరా



ఇంటర్ రిజల్ట్స్ వచ్చి, దోస్త్ రిజిస్ట్రేషన్లు షురూ అయినయంటే నా ఫోన్‌కి సుకూన్ ఉండదు. పేపర్ల పనిచేసేటోడు కదా, వీనికి అన్నీ ఎరుకుంటయని మనోళ్ల నమ్మకం. మద్దూరు నుంచి చేస్తరు, చేర్యాల నుంచి చేస్తరు, జనగామ నుంచి రిష్తేదార్లు చేస్తరు. సవాల్ మాత్రం ఒక్కటే. "భాయ్, బచ్చాని బీబీఏల వెయ్యాల్నా, బీసీఏల వెయ్యాల్నా? దేంట్ల నౌక్రీ దొరుకుతది?"

నేను తిరిగి ఒకటే అడుగుత. "బచ్చా ఏమంటుండు?" అటు దిక్కు కాసేపు ఖామోషీ. "వానికేం తెలుస్తది భాయ్, చిన్న పోరడు" అని జవాబ్ వస్తది. ఆడపిల్లయితే "దాన్నేం అడుగుతం, దగ్గర్ల ఏ కాలేజీ ఉంటె అండ్ల వేస్తం" అంటరు. పద్దెనిమిదేండ్ల పిల్ల మూడేండ్ల జిందగీ మీద అబ్బా ఫైసలా చేస్తడు, చాచా సలహా ఇస్తడు, మీ-సేవ కాడ కూసున్న పిల్లగాడు ఆప్షన్లు కొడ్తడు. చదవాల్సిన పిల్ల పక్క గదిల ఉంటది.

రెండు డిగ్రీలల్ల ఏది గొప్ప అనే బహస్ కన్నా ముందు, ఇంట్ల కూసుని పిల్లలతోని మష్వరా చెయ్యాలె. ఈ వ్యాసంల నేను చెప్పేది ఇదే. అయితే ఉత్త మష్వరాతోని పని కాదు. చేతిల కొంత మాలూమాత్ కూడా ఉండాలె. నాకు తెలిసిన మాలూమాత్ ఇక్కడ రాస్తున్న. దాంతో పాటు నా రాయి కూడా దాచకుండ చెప్త.

ఒక్కసారే దొరికే మౌకా

మన ఇండ్లల్ల చాలామందికి ఇది ఖాన్‌దాన్‌ల మొదటి డిగ్రీ. మెకానిక్ షెడ్డుల, వెల్డింగ్ దుకాణంల, పండ్ల బండి మీద, కుట్టుమిషిన్ ముందట కూసుని చదివిస్తున్న డిగ్రీ. చాలా వరకు ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద నిలబడ్డ డిగ్రీ. ఊర్లల్ల ఏడాది ఆమ్దనీ 1.50 లక్షల లోపు, పట్నాలల్ల 2 లక్షల లోపు ఉంటెనే అది వస్తది. కాలేజీల హాజరు 75 శాతం ఉండాలె. ఒక డిగ్రీకి తీసుకున్నంక, మళ్లా అదే స్థాయి ఇంకో డిగ్రీకి సర్కారు పైసలియ్యదు. బీసీఏల చేరి, రెండేండ్లు ఉండి, "నాతోని అయితలేదు అబ్బా" అని బీబీఏకి మారితే, ఆ ఖర్చా మొత్తం ఇంటి మీదనే పడ్తది.

ఆడపిల్లలకైతే నుక్సాన్ పైసలతోని ఆగదు. ఒక సెమిస్టర్ల రెండు సబ్జెక్టులు తప్పినయంటే, అప్పటిదాకా వద్దన్న రిష్తా మళ్లా ముందుకొస్తది. "చదువు ఎట్లాగూ సాగుతలేదు కదా" అనే మాట ఇంట్ల తయారుగా ఉంటది. తప్పు కోర్సుల పడ్డ మగపిల్లగానికి ఇంకో మౌకా దొరుకుతది, బేటీకి దొరకదు. ఈ ఫైసలా గురించి నాకు ఇంత ఫికర్ ఎందుకంటె ఇందుకే.

రెండింట్ల నేర్పేది ఏంది

రెండూ మూడేండ్ల డిగ్రీలే. రెండింట్లనూ ఆరు సెమిస్టర్లు. రెండూ ఇంగ్లీషుల్నే. ఇక్కడి నుంచి దారులు వేరయితయి.

బీబీఏ అంటె కారోబార్ నడిపే ఇల్మ్. అకౌంటింగ్, ఎకనామిక్స్, మార్కెటింగ్, మనుషులతోని పని చేయించుడు, బిజినెస్ లా, స్టాటిస్టిక్స్. కొంటె ఎంతకు పడింది, అమ్మితె ఎంత మిగిలింది, గిరాకీ ఎందుకు వచ్చిండు, ఎందుకు పోయిండు అనే లెక్క. పరీక్షల జవాబులు పేజీలు పేజీలు రాయాలె. క్లాసుల నిలబడి మాట్లాడాలె. ప్రాజెక్టు కోసం ఏదన్న కంపెనీకో దుకాణానికో పోయి నలుగురిని అడిగి తెలుసుకోవాలె.

బీసీఏ అంటె కంప్యూటర్‌తోని పని చేయించే హునర్. సీ భాష, డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్, నెట్‌వర్క్స్, జావానో పైథానో, వెబ్‌సైట్ తయారీ. ఇక్కడ ఒక గల్తఫహ్మీ తీసెయ్యాలె. కంప్యూటర్ వాడుడు వేరు, కంప్యూటర్‌కి హుకుం రాసుడు వేరు. "మావాడు రోజంతా ఫోన్‌లనే ఉంటడు భాయ్, బీసీఏకి మంచిగ పనికొస్తడు" అని ఒక చాచా అన్నడు. రోజంతా హోటల్‌ల బిర్యానీ తిన్నోడు బావర్చీ అయితడా? ప్రోగ్రాంల ఒక సెమికోలన్ తప్పితె మొత్తం ఆగిపోతది. ఎక్కడ తప్పిందో రెండు గంటలు ఒంటరిగ కూసుని ఎతకాలె. ఆ సబర్ ఉన్న పిల్లలకే బీసీఏ. అది లేకపోతే మూడో సెమిస్టర్ నాటికి రికార్డు బుక్కు పక్కోనిది చూసి రాసుడు షురూ అయితది.

సిఫారిష్ లేనోళ్లకి ఏది మంచిది

ఇప్పుడు నా రాయి చెప్త. బీసీఏల నేర్చుకున్న హునర్ తనంతట తాను కనబడ్తది. ఒక పిల్ల చిన్న వెబ్‌సైట్ తయారు చేసింది, ఒక దుకాణానికి బిల్లింగ్ ప్రోగ్రాం రాసింది అనుకోండి. అది తెరిచి చూపించవచ్చు. పని చేస్తున్నదా లేదా అన్నది రెండు నిమిషాలల్ల తేలిపోతది. ఆ పిల్ల ఏ ఊరిది, అబ్బా ఏం చేస్తడు, ఎవరి సిఫారిష్ మీద వచ్చింది అనే సవాళ్ల అవసరం తగ్గుతది. పేరు చూసి మొహం ముడిచేటోళ్లు అక్కడా ఉంటరు, లేరని నేను చెప్పను. కానీ హునర్ కండ్ల ముందట ఉన్నప్పుడు మొహం ముడుచుడు కొంచెం కష్టమైతది.

బీబీఏల నేర్చుకున్నది చూపించాల్నంటె ఒక జాగా కావాలె. ఒక దుకాణం, ఒక ఆఫీసు, ఒక గోదాం, ఒక టీం. మనుషులను సంభాళించుడు వచ్చు అని కాగితం మీద రాస్తె ఎవ్వరూ నమ్మరు. అందుకే బీబీఏ వాళ్లకి మొదటి నౌక్రీ దొరికేటప్పుడు పహచాన్, మాట్లాడే తీరు, ఇంగ్లీషు ఎక్కువ చూస్తరు. మన ఊర్ల పిల్లలకి కరువైనవి సరిగ్గ ఈ మూడే.

ఆగే చదువు సంగతి చూసినా ఇట్లనే ఉంటది. ఎంబీఏకి ఏ డిగ్రీ అయినా నడుస్తది. ఐసెట్ రాయొచ్చు. డిగ్రీల 50 శాతం, రిజర్వేషన్ ఉన్నోళ్లకి 45 శాతం మార్కులు ఉంటె చాలు. బీసీఏ చదివి ఎంబీఏకి పోయినోని దగ్గర రెండు ఇల్మ్‌లు ఉంటయి. బీబీఏ చదివి ఎంబీఏకి పోతే మొదటి ఏడాదిల కొంత భాగం మళ్లా చదివినట్లె అనిపిస్తది. బీబీఏ నుంచి ఎంసీఏకి మారాల్నంటె మ్యాథ్స్ షర్త్ ఏమన్న ఉన్నదా అని ముందే తెలుసుకోవాలె. ఎంసీఏ ఇదివరకు మూడేండ్లు ఉండె, 2020-21 నుంచి రెండేండ్లకి తగ్గించిన్రు. అంటె బీసీఏ, ఎంసీఏ కలిపి ఐదేండ్లు. సీఈసీ, హెచ్ఈసీ చదివిన పిల్లలు బీసీఏల చేరే ముందు ఈ మ్యాథ్స్ సంగతి కాలేజీల అడిగి పెట్టుకోవాలె.

ఇంత చెప్పినంక "అయితే అందరినీ బీసీఏలనే వేద్దాం" అనుకుంటరు. అట్ల అనొద్దు. సగం మనసుతోని చదివిన బీసీఏ కన్నా, ఇష్టంతోని చదివిన బీబీఏ పది రెట్లు నయం. దుకాణం ఉన్న ఇంటికైతే బీబీఏనే నయం.

దుకాణం ఉన్న ఇంట్ల బీబీఏ

మన ఖౌమ్‌ల తిజారత్ కొత్త కాదు. చికెన్ సెంటర్, టెంట్ హౌస్, చెప్పుల దుకాణం, ఫర్నిచర్ పని, బేకరీ, సెకండ్ హ్యాండ్ బండ్ల వ్యాపారం. ఇండ్ల చాలా దుకాణాలు నోటి లెక్క మీదనే నడుస్తయి. సాయంత్రం గల్లా తీసి చూస్తె పైసలు కనబడ్తయి, నెల చివరికి ఎటు పోయినయో తెల్వదు. ఉద్దెర ఎంత బయట ఉన్నదో అబ్బా దిమాగ్‌ల ఉంటది, కాగితం మీద ఉండదు. ఆయన బీమార్ పడ్డ రోజు ఆ లెక్క కూడా మంచాన పడ్తది.

ఖురాన్‌ల అన్నిటికన్నా పొడుగు ఆయత్ సూరె బఖరాల 282వ ఆయత్. అది నమాజ్ గురించి కాదు, రోజా గురించి కాదు. అప్పు లేన్-దేన్ జరిగినప్పుడు రాసి పెట్టుకోవాలె, గవాహీ పెట్టుకోవాలె అనే మాట గురించి. హిసాబ్-కితాబ్‌కి మన దీన్‌ల ఇంత జాగా ఉన్నది. మన దుకాణాలల్ల ఒక ఖాతా బుక్కు మాత్రం ఉండదు.

దుకాణం ఉన్న ఇంటి పిల్లగాడు బీబీఏ చదువుతుంటే, మొదటి సెమిస్టర్ నుంచే దుకాణం లెక్క వాని చేతికియ్యండి. ఏ సరుకు మీద ఎంత మిగులుతున్నది, ఏ సరుకు షెల్ఫుల పడి దుమ్ము పడ్తున్నది, ఉద్దెర ఎవరి కాడ ఎన్ని నెలల నుంచి ఆగింది అన్నది వాడు రాయాలె. 2017 జులై నుంచి జీఎస్టీ వచ్చింది, ఆ తర్వాత ఫోన్‌ల పైసలు కొట్టుడు పెరిగింది. ప్రతి లెక్కకూ ఇప్పుడు నిషాన్ మిగులుతున్నది. ట్యాలీల బిల్లు ఎక్కియ్యడానికి బయటోనికి పైసలిచ్చే బదులు, ఇంటి పిల్లనే నేర్చుకోవచ్చు. "పిల్ల" అని కావాలనే రాసిన. దుకాణం అంటె కొడుకులకే అని ఎవరన్నరు? హజ్రత్ ఖదీజా రజియల్లాహు అన్హా మక్కాల తాజిర్. కాఫిలాలతోని సరుకు పంపి, హిసాబ్ చూసుకున్న ఖాతూన్. ఇంట్ల కూసున్న బేటీ దుకాణం ఖాతా రాస్తె ఏ ఇజ్జత్‌కీ నుక్సాన్ లేదు.

దుకాణం లేకపోయినా బీబీఏకి ఇంకో దారి ఉన్నది. చదువుతోపాటే అప్రెంటిస్‌షిప్ ఉన్న బీబీఏ కోర్సులు రిటైల్, లాజిస్టిక్స్ లాంటి రంగాలల్ల వచ్చినయి. కొంత కాలం కాలేజీ, కొంత కాలం కంపెనీల పని, పనికి స్టైపెండ్. ఇంట్ల కమాయించేటోళ్లు తక్కువున్న పిల్లలకి ఇవి మంచి సహారా. దోస్త్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఇట్లాంటి కోర్సు ఏ కాలేజీల ఉన్నదో ఎతకండి.

"బీబీఏ అంటె సూద్ చదువు కదా?"

ఈ సవాల్ మస్జిద్ కాడ ఒకరిద్దరు అడిగిన్రు. జవాబ్ సాఫ్‌గా చెప్పాలె. సూద్ హరామ్, దాంట్ల రెండో మాట లేదు. కానీ బీబీఏల బ్యాంకింగ్ ఒక భాగమే. ఒక దవాఖాన నడిపించుడు, గోదాం సంభాళించుడు, మనుషులను భర్తీ చేసుడు, సరుకు అమ్ముడు, వీటిల్ల సూద్ ఏడుంది? సూద్ లెక్క ఎట్ల కడ్తరో తెల్వకపోతే, వడ్డీ వ్యాపారి కాడ మన చాచాలు మోసపోతున్నది ఎట్ల ఆగుతది? మలేషియాల బ్యాంక్ ఇస్లాం 1983 నుంచి సూద్ లేని బ్యాంకింగ్ నడిపిస్తున్నది. దాన్ని నడిపిస్తున్నోళ్లు కూడా ఫైనాన్స్ చదువుకున్నోళ్లే. బీసీఏ చదివినోడు కూడా రేపు బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాసే పనిల పడొచ్చు. కాబట్టి సవాల్ నౌక్రీ దగ్గర వస్తది, డిగ్రీ దగ్గర కాదు. నౌక్రీ వచ్చిన రోజు ఒక ఆలిమ్‌ని అడగండి. డిగ్రీ తలుపు మాత్రం ముందే బంద్ చెయ్యకండి.

ఉర్దూ మీడియం పిల్లలకి ఒక మాట

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. డిగ్రీ తెలుగుల చేసిన. ఒక జబాన్‌ల నేర్చుకున్న ఇల్మ్‌ని ఇంకో జబాన్‌ల రాసేటప్పుడు చెయ్యి ఎట్ల ఆగుతదో నాకు ఎరుకే. ఉర్దూ మీడియం నుంచో తెలుగు మీడియం నుంచో వచ్చిన పిల్లలకి ఈ రెండు కోర్సుల ఇంగ్లీషు ఒక్క తీరు ఉండదు.

బీసీఏల ఇంగ్లీషు మాటలు తక్కువ. ఇఫ్, ఎల్స్, వైల్ లాంటి కొన్ని మాటలు మళ్లా మళ్లా వస్తయి. వాటి మతలబ్ లెక్క తీరు పక్కాగ ఉంటది. ఇంగ్లీషుల వ్యాసం రాయరాని పిల్ల కూడా మంచి ప్రోగ్రాం రాయగలదు. ఇంటర్వ్యూ రోజు మాట్లాడుడు తప్పదు, కానీ దానికి మూడేండ్ల టైం ఉన్నది. బీబీఏల అట్ల కాదు. అక్కడ ఇంగ్లీషే పని ముట్టు. మొదటి నెల నుంచే రాయాలె, మాట్లాడాలె, ఒప్పించాలె. అందుకని ఉర్దూ మీడియం పిల్లలు బీబీఏ చెయ్యొద్దని కాదు. చేరితె మొదటి ఏడాది ఇంగ్లీషు మీద రోజుకి గంట మెహనత్ అదనంగ చెయ్యాల్సి ఉంటదని ముందే తెలుసుకుని చేరాలె. సెకండ్ లాంగ్వేజ్‌గా ఉర్దూ ఉన్నదా అని కూడా కాలేజీల అడగండి. పిల్లలు అడిగితేనే ఆ క్లాసు మిగులుతది.

నౌక్రీ సంగతి

"దేంట్ల నౌక్రీ దొరుకుతది?" అన్న సవాల్‌కి ఇప్పుడు వస్త. సర్కారీ నౌక్రీలల్ల చాలా వాటికి రెండు డిగ్రీలూ బరాబర్. గ్రూప్-2, గ్రూప్-4, బ్యాంకు క్లర్కు పరీక్షలకి ఏ డిగ్రీ అయినా నడుస్తది. ప్రైవేటుల తేడా కనబడ్తది. విప్రో కంపెనీ విల్ప్ అనే పథకం కింద బీసీఏ, బీఎస్సీ పిల్లలను తీసుకుని, నౌక్రీ చేస్తుండంగనే ఎంటెక్ చదివిస్తది. టీసీఎస్‌ల బీపీఎస్ అనే విభాగం బీకాం, బీబీఏ, బీఏ పిల్లలను తీసుకుంటది. దాంట్ల లెక్కలు, కస్టమర్ల పనులు ఉంటయి. ఇవి కాక షోరూంలు, దవాఖానలు, కొరియర్ గోదాంలు బీబీఏ వాళ్లకి. చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలు, టెస్టింగ్, సిస్టం సపోర్ట్ బీసీఏ వాళ్లకి.

ఖలీజ్‌కి పోవాలనుకునేటోళ్లకి ఒక మాట. మూడేండ్లు క్లాసుల కూసుని చదివిన డిగ్రీ ఉంటె సర్టిఫికెట్ అటెస్టేషన్ అప్పుడు తక్లీఫ్ ఉండదు. పైసలిచ్చి తెచ్చుకున్న కాగితం అక్కడ పట్టుబడ్తె జిందగీ ఖరాబ్ అయితది. విదేశాలల్ల పైచదువు కోసం మన సర్కారు 2015 నుంచి మైనారిటీ పిల్లలకి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తున్నది, ఇప్పుడు 20 లక్షల దాకా. దానికి డిగ్రీల 60 శాతం మార్కులు ఉండాలె. కోర్సు పేరు ఏదైనా, మార్కులు లేకపోతే ఈ తలుపు తెరుచుకోదు.

"కోడింగ్ అంతా ఇప్పుడు మిషినే రాస్తున్నది కదా భాయ్, ఇంక బీసీఏ ఎందుకు?" అనేటోళ్లు కూడా ఉన్నరు. 2022 నవంబర్‌ల చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఈ బహస్ నడుస్తనే ఉన్నది. నిజమే, చిన్న చిన్న ప్రోగ్రాంలు అది రాస్తది. రిపోర్టులు, ఉత్తరాలు, లెక్కల పట్టికలు కూడా అదే రాస్తది, అంటె దెబ్బ బీబీఏ మీద కూడా పడ్తది. మిషిన్ రాసిన దాంట్ల తప్పు ఏడుందో పట్టేటోనికే రేపు పని ఉంటది. పక్కోని రికార్డు చూసి రాసినోళ్లకి ఆ పని రాదు. రెండు కోర్సులల్లనూ మెహనత్ చేసినోళ్లే మిగులుతరు.

మద్దూరు నుంచి చూస్తె

2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మన మద్దూరు, చేర్యాల వరంగల్ జిల్లాల నుంచి సిద్దిపేట జిల్లాలకి వచ్చినయి. అందుకే ఇక్కడి పిల్లల ముందట రెండు దిక్కులు ఉన్నయి. సిద్దిపేటకి పోతే ఉస్మానియా యూనివర్సిటీ డిగ్రీ, జనగామకో వరంగల్‌కో పోతే కాకతీయ యూనివర్సిటీ డిగ్రీ. యూనివర్సిటీ పేరు మీద ఇండ్లల్ల పెద్ద బహస్ చేస్తరు. కానీ మన పిల్ల చదువు తేలేది ఆ కాలేజీ ల్యాబ్‌ల, ఆ కాలేజీ క్లాసుల.

2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ముఫ్త్ అయినయి. "బస్ కిరాయ ఎవరు పెట్టుకుంటరు" అనే బహానా దీంతోని పోయింది. ఇప్పుడు బేటీని దగ్గర్ల ఉన్న కాలేజీలనే వెయ్యాలన్న మజ్బూరీ తగ్గింది. మంచి కాలేజీ కొంచెం దూరమున్నా పంపొచ్చు. అయితే బస్సుల పోయి వచ్చే టైం కూడా లెక్కల వెయ్యాలె. బీసీఏ చదివే పిల్లకి ఇంటికొచ్చినంక ప్రాక్టీస్ కావాలె. అది ఫోన్ మీద అయితలేదు. ఇంట్ల ఒక లాప్‌టాప్ ఉండాలె, సెకండ్ హ్యాండ్‌దైనా పర్వా లేదు. ఒక అఖీఖా దావత్‌ల మటన్‌కి పెట్టే పైసలతోని అది వస్తది. ఆ పిల్లకి ఇంటి పని నుంచి సాయంత్రం రెండు గంటలు ఛుట్టీ కూడా ఇయ్యాలె. లాప్‌టాప్ కొనిచ్చి, రోటీలు కూడా దానితోనే చేయిస్తె, ఆ చదువు సాగదు.

ఇంకో సంగతి. 2024-25 నుంచి బీబీఏ, బీసీఏ కోర్సులను ఏఐసీటీఈ తన కిందికి తీసుకున్నది. అంతకు ముందు యూనివర్సిటీ అఫిలియేషన్ ఉంటె చాలు. ఇప్పుడు కాలేజీకి ఏఐసీటీఈ మంజూరీ ఉన్నదా అని అడిగే హఖ్ మీకున్నది. ఈ రెండు కోర్సుల ఆడపిల్లల కోసం ఏఐసీటీఈ సరస్వతి అనే స్కాలర్‌షిప్ పెట్టింది, ఏడాదికి 25 వేలు. చేరినంక దరఖాస్తు ఎట్ల పెట్టాల్నో కాలేజీ ఆఫీసుల అడగండి.

మన చుట్టుపక్కల చాలా కాలేజీలల్ల నిజంగ ఉన్న కోర్సు ఇంకోటి, బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్. దాంట్ల అకౌంట్స్ ఉంటది, కొంత ప్రోగ్రామింగ్, డేటాబేస్ కూడా ఉంటది. పేరుకు బీసీఏ పెట్టి ల్యాబ్‌ల సగం కంప్యూటర్లు ఆన్ కాని కాలేజీ కన్నా, మంచి ఉస్తాద్‌లు ఉన్న సర్కారీ కాలేజీల బీకాం సీఏ వెయ్యి రెట్లు మేలు. బోర్డు మీద ఏం రాసిందో చూసి మోసపోకండి.

ఆప్షన్ కొట్టే ముందు

కాలేజీకి ఒకసారి పోండి. పిల్లని తీసుకుని పోండి. ల్యాబ్ చూపియ్యమనండి. తాళం చెవి కోసం ఎతుకుతున్నరంటె మీకు జవాబ్ దొరికినట్లె. రెండో ఏడాది చదువుతున్న పిల్లలతోని మాట్లాడండి. క్లాసులు రోజూ అయితున్నయా, కంప్యూటర్ సార్ ఉన్నడా, ఉంటె ఎన్ని నెలల నుంచి ఉన్నడు అని అడగండి. రీయింబర్స్‌మెంట్ బకాయిలు పడితే కాలేజీ ఏం చేస్తదో అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపుకోవద్దని యూజీసీ 2018లనే చెప్పింది. అయినా ఫీజు కట్టందే మెమో ఇయ్యం అనే కాలేజీల సంగతి మనకు తెల్వనిది కాదు.

కాగితాలు ముందే తయారు పెట్టుకోండి. ఆమ్దనీ సర్టిఫికెట్ ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదే ఉండాలె. బీసీ-ఈ కింద మనకు 4 శాతం రిజర్వేషన్ ఉన్నది, ఆ సర్టిఫికెట్ మీ-సేవల తీసుకోండి. సయ్యద్, పఠాన్, మొఘల్ లాంటి ఖాన్‌దాన్‌లు బీసీ-ఈల రావు. వాళ్లు ఆమ్దనీ షర్తులు సరిపోతే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ చేయించుకోవచ్చు. దోస్త్ మొదటి విడత రిజిస్ట్రేషన్‌కి 200 రూపాయలు, తర్వాతి విడతలకి 400. మొదటి విడతలనే పెట్టుకోండి. సీటు వచ్చినంక ఆన్‌లైన్ల రిపోర్ట్ చెయ్యకపోతే సీటు పోతది.

ఇవన్నీ చేసే ముందు ఒక రాత్రి, ఇషా నమాజ్ అయినంక, టీవీ బంద్ చేసి, పిల్లని ముందట కూసోబెట్టుకుని మూడు సవాళ్లు అడగండి. ఒక లెక్క రానప్పుడు దాంతోని ఒంటరిగ రెండు గంటలు కూసోగలవా? పది మంది తెల్వనోళ్ల ముందట నిలబడి మాట్లాడుడు నీకు ఇష్టమా? మన ఇంట్ల ఉన్న దుకాణమో పనో పెద్దది చెయ్యాలని నీకు ఉన్నదా? మొదటి దానికి "హా" అంటె బీసీఏ చూడండి. రెండో దానికో మూడో దానికో "హా" అంటె బీబీఏ చూడండి. మూడింటికీ జవాబ్ రాకపోతే ఫికర్ వద్దు, బీకాం సీఏ మధ్యల ఉన్నది.

పిల్ల జవాబ్ ఇస్తుంటే మధ్యల ఆపకండి. చాచాని, ఫుప్పాని ఆ రోజు పిలవకండి. అమ్మీని మాత్రం తప్పకుండ కూసోబెట్టుకోండి. పిల్ల సబర్ ఎంతో, షౌఖ్ ఏందో ఇంట్ల ఆమెకే ఎక్కువ ఎరుక. ఆ తర్వాత మీరు చేసిన ఫైసలా ఏదైనా, పిల్ల దాన్ని తనదనుకుని చదువుతది, ఇన్షా అల్లాహ్.